జైళ్లలో టీబీ వైద్య సేవ: మందు సరే, మరి బ్యారక్ సంగతి?

హోటలుకో, బ్యాంకుకో సమీక్ష రాసేవారు వెళ్లమనో మానమనో చెప్పి ముగించగలరు. జైలులో అందే క్షయ వైద్య సేవ విషయంలో ఆ వీలు లేదు. దాన్ని వాడుకునే మనిషి కోరి ఎంచుకోడు, నచ్చలేదని మరో చోటికి పోలేడు, బాగోలేదని నలుగురిలో చెప్పుకునే అవకాశం కూడా అతనికి అరుదు. అందుకే ఇలాంటి సేవను బయటివాళ్లు మరింత జాగ్రత్తగా చూసి రాయవలసి ఉంటుందని నా అభిప్రాయం. నేను వైద్యుణ్ని కాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉండి, వకీలును పెట్టుకునే స్తోమత లేని రిమాండ్ ఖైదీల కేసులు చూస్తుంటాను. ఆ పని మీద ఒక సెంట్రల్ జైలుకూ, కొన్ని సబ్ జైళ్లకూ తరచుగా వెళ్లడం వల్ల, నా కక్షిదారుల్లో కొందరు టీబీ రోగులు కావడం వల్ల, ఈ సేవ ఎక్కడ నిలబడుతోందో, ఎక్కడ జారుతోందో దగ్గరగా చూడగలిగాను. ఆ జైళ్ల పేర్లు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఏ ఒక్క ఊరికో పరిమితమైనవి కావు.

ముందుగా కొలత ఏమిటో చెప్పాలి. 2015 డిసెంబరు 17న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 24వ నియమం, బయట సమాజంలో దొరికే ప్రమాణంలోనే ఖైదీకీ ఉచితంగా వైద్యం అందాలని, ఆ వైద్యం ప్రజారోగ్య వ్యవస్థతో కలిసి నడవాలని, హెచ్‌ఐవీ, క్షయ వంటి జబ్బుల చికిత్స మధ్యలో తెగిపోకుండా చూడాలని చెబుతుంది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే జైళ్లలో టీబీ బయటి జనంలో కంటే సుమారు పది రెట్లు ఎక్కువని అంచనా. అంత తేడా ఉన్నచోట బయటి ప్రమాణం చాలదని వాదించవచ్చు. అయినా ఈ సమీక్షకు ఆ కనీస కొలతనే తీసుకుంటున్నాను.

మందుల విషయంలో ఈ సేవకు వంక పెట్టడానికి లేదు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద బయట ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే మాత్రలే లోపలా ఇస్తారు. ఒకప్పుడు వారానికి మూడు రోజులు మింగించేవారు. 2017 అక్టోబరు నుంచి దేశమంతటా రోజువారీ పద్ధతికి మారారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు కలిసిన మాత్ర, మనిషి బరువును బట్టి రోజుకు రెండు నుంచి ఆరు దాకా ఇస్తారు. నేను చూసిన సెంట్రల్ జైలు ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉదయం పేర్లు పిలిచి, ఎదుటే మింగించి, నోరు తెరిపించి చూసి, కార్డు మీద గీత పెడతాడు. బయట కూలికి పోయే తొందరలో రోజు తప్పించే మనిషి, ఇక్కడ ఆ గీత కోసమైనా తప్పించడు. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందనీ, అది మాత్రలో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్లే తప్ప రక్తం కాదనీ ఆ ఫార్మసిస్టు మొదటి రోజే చెబుతాడు. ఆ ఒక్క మాట ఎవరూ చెప్పకపోవడంతో, మరో చోట మాత్రలు బట్టల మూటలో దాచిపెట్టుకున్న కుర్రవాణ్ని నేను ఎరుగుదును. మందుకు లొంగని టీబీకి కూడా ఇప్పుడు పరిస్థితి మెరుగైంది. ఏడాదిన్నర, రెండేళ్లు సాగే చికిత్స స్థానంలో ఆరు నెలల్లో ముగిసే నాలుగు మందుల పద్ధతిని కేంద్రం 2024 సెప్టెంబరులో అనుమతించింది. పరీక్షలు కూడా అంతే. కళ్లెను సూక్ష్మదర్శిని కింద చూసి సరిపెట్టుకునే రోజులు పోయి, సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు గంటల వ్యవధిలోనే జబ్బు ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతున్నాయి. ఈ మెట్టుకు ఐదుకు నాలుగున్నర మార్కులు వేయడానికి నాకు సందేహం లేదు.

సందేహమంతా ఆ యంత్రం దాకా మనిషి చేరడానికి ముందు గడిచే రోజుల గురించే.

రిమాండ్‌కు వచ్చినవాణ్ని గేటు దగ్గర తనిఖీ చేస్తారు, వస్తువులు జమ చేయించుకుంటారు, ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో రాసుకుంటారు. దెబ్బల గురించి పడే శ్రద్ధ సహజమే, రేపు ఎవరు కొట్టారన్న ప్రశ్న వస్తే జైలు అధికారి జవాబు చెప్పుకోవాలి. టీబీ గురించి అడిగేది సాధారణంగా ఒకే ప్రశ్న, దగ్గు ఉందా అని. రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు అనే నాలుగు ప్రశ్నలూ అడగాలని జాతీయ కార్యక్రమం చెబుతుంది. పోలీసు స్టేషనులో రాత్రి గడిపి, కోర్టులో పగలంతా నిలబడి, సాయంత్రం జైలు గేటుకు చేరిన మనిషి ఆ నాలుగింటికీ లేదనే అంటాడు. అందులో మూడు అబద్ధాలైనా ఆశ్చర్యం లేదు. పైగా నిజం చెప్పినా ప్రశ్నలతోనే పని జరగదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ టీబీ వ్యాప్తి సర్వేలో బయటపడిన రోగులలో 42.6 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే దొరికేవారే కారని తేలింది. లక్షణాలు లేకుండానే జబ్బు మోస్తున్నవారు అంతమంది ఉన్నారన్న మాట. కనుక లోపలికి వచ్చే ప్రతి మనిషికీ, దగ్గు ఉన్నా లేకున్నా, మొదటి వారంలోనే ఎక్స్‌రే తీయాలి. చేతిలో పట్టుకుని తిరిగే చిన్న ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి, 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ గుర్తింపు కార్యక్రమంలో వాటిని వాడారు, ఆ కార్యక్రమం లక్ష్యంగా పెట్టుకున్న వర్గాలలో ఖైదీలు కూడా ఉన్నారు. మంచిదే. కానీ జైలు జనాభా చెరువు నీళ్లలా ఒకచోట నిలిచి ఉండేది కాదు. 2021 ఒక్క ఏడాదిలోనే దేశంలోని జైళ్లలోకి 18 లక్షలకు పైగా ప్రవేశాలు జరిగాయి. ఏ ఒక్క రోజు లెక్క తీసినా లోపల ఉండేది ఆరు లక్షల లోపే. క్యాంపు పెట్టిన రోజున ఉన్నవారిని పరీక్షించి ఫోటోలు దిగి వెళితే, మర్నాడు వచ్చినవాడి సంగతి మళ్లీ క్యాంపు దాకా ఎవరికీ పట్టదు. ఈ మెట్టుకు రెండు మార్కులకు మించి వేయలేను. సబ్ జైళ్లకైతే ఒకటే. అక్కడ వైద్యుడు ఉండడు, ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి డాక్టరు వచ్చిన రోజే వైద్యం.

బ్యారక్ విషయానికి వస్తాను. జైళ్లు ఎలా ఉండాలో చెప్పే 2016 నాటి కేంద్ర నమూనా నియమావళి, మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో నిద్రించే ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల నేల, 15.83 ఘనపు మీటర్ల గాలి, పక్కల నుంచి గాలి రావడానికి 1.12 చదరపు మీటర్ల తెరుపు ఉండాలి. నేల లెక్క సుమారు 40 చదరపు అడుగులు, ఒక మంచం వేసి దాని పక్కన మనిషి నడిచేంత. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం 4,36,266 మందికి చోటున్న జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, అంటే 131.4 శాతం. మాన్యువల్ కొలతకు కట్టిన గదిలోనే అంతమందిని పెట్టారనుకున్నా, తలకు మిగిలేది 2.8 చదరపు మీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల సగటు అదే లెక్కల్లో వంద శాతం లోపే ఉందని, మనకు ఈ బాధ లేదని అధికారులు చెబుతుంటారు. సగటు మాట నిజమే. అయితే సగటులో సగం ఖాళీగా ఉన్న జైలూ కలుస్తుంది, పండుగ ముందు నాటుసారా కేసులతో ఒక్క వారంలో నిండిపోయే సబ్ జైలూ కలుస్తుంది. దగ్గు అంటుకునేది సగటు గదిలో కాదు గనుక ఆ లెక్క చూసి ఊరట చెందడానికి లేదు.

పైగా చోటు ఒక్కటే సమస్య కాదు. సాయంత్రం లాకప్ వేస్తే మళ్లీ తెల్లవారాకే తీస్తారు. ఆ పన్నెండు గంటల పాటు గాలి వచ్చే దారి కిటికీలే. నేను చూసిన ఒక బ్యారక్‌లో కిటికీలకు ఊచలు తప్ప తలుపులు లేవు, వైద్యపరంగా చూస్తే అంతకంటే మంచిది లేదు. కానీ దోమల బాధకు, వానజల్లుకు తట్టుకోలేక ఖైదీలే వాటికి దుప్పట్లు, ప్లాస్టిక్ గోతాలు కట్టేశారు. దోమతెర వేయకుండా, జల్లు పడకుండా పైన రేకు దింపకుండా కిటికీలు మూయవద్దని ఉపదేశించడం వల్ల ఉపయోగం ఉండదు. కొత్తగా వచ్చినవాడికి మరుగుదొడ్డి పక్కన మూలలో చోటు దొరుకుతుంది, గాలి వచ్చే చోటు పాత వాళ్లది. గేటు దగ్గర ఎక్స్‌రే తీయకుండా లోపలికి పంపిన మనిషి చేరేది ఆ గాలి లేని మూలకే.

కళ్లె తీసే పద్ధతిని కూడా ఇక్కడే చెప్పాలి. కళ్లెను ఆరుబయట, ఎవరూ లేని చోట తీయాలని ప్రతి ఆరోగ్య కార్యకర్తకూ నేర్పుతారు. కానీ పొద్దున్నే నిద్ర లేవగానే తీసిన నమూనా మేలు అని కూడా నేర్పుతారు. జైలులో నిద్ర లేచే వేళకు బ్యారక్ తాళం ఇంకా తీయరు. కాబట్టి ముందు రోజు సాయంత్రం చేతికి ఇచ్చిన మూత డబ్బాలోకి ఆ మనిషి తెల్లవారుజామున ముప్ఫై నలభై మంది పడుకుని ఉన్న గదిలో కూర్చుని లోపలి నుంచి బలంగా దగ్గి కళ్లె తీస్తాడు. జబ్బు ఉందో లేదో తెలుసుకునే పరీక్షే జబ్బును పంచే పని అవుతోందని ఒక కక్షిదారు నాతో అన్నాడు, అతను చదువుకున్నది ఏడో తరగతి. లాకప్ తీయగానే ఒక వార్డరు వెంట ఉండి ఆవరణలోని చెట్టు కిందకు తీసుకువెళితే చాలు, పైసా ఖర్చు లేదు. అడిగితే ఆ వేళకు డ్యూటీ మారుతుందని జవాబు వచ్చింది.

రోగి అని తేలాక వేరు చేయడం గురించి మన జైళ్లలో చాలా అపోహ ఉంది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ కీమోథెరపీ (మందుల చికిత్స) కేంద్రం, ఊరిలోని పేద, ఇరుకు ఇళ్ల రోగులను తీసుకుని, కొందరికి ఇంటి దగ్గర, కొందరికి క్షయ రోగులను ఉంచే ప్రత్యేక ఆసుపత్రి అయిన శానిటోరియంలో ఒకే మందులు ఇచ్చి చూసింది. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, గాలి అన్నీ ఉన్నా, ఇంటి దగ్గర ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో కలిసి ఉన్నవారికి అదనంగా జబ్బు సోకినట్టూ కనిపించలేదు. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడడానికి ఆ ఫలితాలు ఒక కారణం. మన వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నాటి శానిటోరియం ఉన్న సంగతి పాతతరం వారికి తెలుసు, ఎత్తైన వరండాలతో గాలి కోసమే కట్టిన వార్డులవి. మద్రాసు ఫలితాన్ని జైలుకు అన్వయిస్తే తేలేది ఏమిటంటే, సరైన మందు మొదలైన కొద్ది వారాలలోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది, కాబట్టి ప్రమాదకరమైన రోజులు మందుకు ముందువి. కానీ జైళ్లు చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. గుర్తించని రోగిని నెలల తరబడి అందరి మధ్యా ఉంచి, గుర్తించి మందు మొదలుపెట్టాక మాత్రం ఆరు నెలలూ విడిగా పడేస్తున్నాయి. విడి బ్యారక్‌లో ఉన్నవాడికి జైలు పని దొరకదు, కూలి రాదు, ములాఖత్‌కు పిలిచే వరుసలో చివర ఉంటాడు. ఈ సంగతి తెలిసిన ఖైదీ దగ్గును దాచుకుంటాడు, బీడీ వల్ల వచ్చే దగ్గే అంటాడు. అలా విడిగా పెట్టడమే కొత్త రోగులను దాచిపెడుతోందని నాకు అనిపిస్తుంది. ఒకటి రెండు వారాల విడిగది, ఆ తరువాత మామూలు బ్యారక్, పోయిన పని తిరిగి ఇవ్వడం, ఇవి చేస్తే దాచుకోవలసిన అవసరం చాలావరకు తీరుతుంది.

లోపల టీబీ సోకితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2012 డిసెంబరులో ఇచ్చిన తీర్పు నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. కేప్‌టౌన్‌లోని పోల్స్‌మూర్ జైలులో 1999 నుంచి 2004 దాకా విచారణ ఖైదీగా ఉండి, చివరికి నిర్దోషిగా విడుదలైన డడ్లీ లీ అనే వ్యక్తికి లోపలే టీబీ సోకింది. ఏ ఖైదీ నుంచి, ఏ రోజు సోకిందో అతను నిరూపించలేకపోయాడు, అలా నిరూపించడం ఎవరి తరమూ కాదు. అయినా జైలు యాజమాన్యం సహేతుకమైన జాగ్రత్తలు తీసుకుని ఉంటే ఆ ప్రమాదం తగ్గేదని భావించి, న్యాయస్థానం ప్రభుత్వాన్ని బాధ్యుణ్ని చేసింది. మన సుప్రీంకోర్టు 1996లోనే రామమూర్తి కేసులో జైళ్ల సమస్యలుగా కిక్కిరిసి ఉండడాన్ని, విచారణలో జాప్యాన్ని, ఆరోగ్యం, పరిశుభ్రతల పట్ల నిర్లక్ష్యాన్ని, చాలీచాలని తిండిని వరుసగా ఎత్తి చూపింది. ఆ నాలుగూ కలిసిన చోటే టీబీ పెరుగుతుంది. ఆ తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది, కానీ ఒక ఖైదీ తనకు లోపల టీబీ సోకిందని పరిహారం అడిగితే మన కోర్టులలో వాదన ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను ఇప్పటికీ తడుముకుంటాను.

తిండి విషయంలో అభిప్రాయాలు మారుతూ వచ్చాయి. మద్రాసు పరిశోధన చూసి, మందు పడితే చాలు, తిండి అంత ముఖ్యం కాదనే ధోరణి చాలాకాలం నడిచింది. 2023 ఆగస్టులో వెలువడిన జార్ఖండ్ అధ్యయనం దానికి ఇంకో వైపు చూపింది. రోగి ఇంట్లోని మిగతావారికి నెలకు తలా ఐదు కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, వారిలో కొత్తగా టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది. అంటించే రకం ఊపిరితిత్తుల టీబీ దాదాపు సగానికి పడిపోయింది. రోగులలోనూ మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారిలో మరణాలు బాగా తక్కువగా ఉన్నాయి. నయం కావడానికి మందు, రాకుండా ఉండడానికి తిండి అని ఈ రెండు పరిశోధనలనూ కలిపి చదువుకోవచ్చు. జైలు బ్యారక్ అంటే ఒక పెద్ద ఇల్లే గనుక, పక్కన పడుకునేవారి తిండిని కూడా టీబీ సేవలో భాగంగానే లెక్కించాలి. నేను ఎరిగిన జైళ్లలో అన్నం కొలతకు తక్కువ ఉండదు, పప్పు మాత్రం నీళ్లగా ఉంటుంది. రోగి అని కార్డు ఉన్నవాడికి గుడ్డు, పాలు అదనంగా ఇస్తారు, అవి పోయే దారిని కూడా నేను విన్నాను కానీ రుజువు లేనిది రాయను. బరువు చూసే యంత్రం జైలు ఆసుపత్రిలో ఉంది, మొదటి రోజు చూస్తారు. రెండో నెలలో మళ్లీ చూస్తే, బరువు బాగా పెరిగి 50 కిలోలకు చేరినవాడికి మూడు మాత్రల బదులు నాలుగు ఇవ్వవలసి ఉంటుంది. ఆ రెండో తూకం కార్డులో నింపి ఉండడం నేను అరుదుగా చూశాను.

పోషకాహారానికని నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఖైదీకి ఖాతా ఉండదు, ఉన్నా పాసుబుక్కు ఇంట్లోనో, పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువులలోనో ఉంటుంది. ఆధార్ కార్డు నకలు తెప్పించడానికి ఇంటికి కబురు పెట్టే పని చివరికి వకీలు గుమస్తా నెత్తిన పడుతుంది. ఈ విషయంలో జైలు కార్యాలయం ఒక పోస్టాఫీసు ఖాతా తెరిపించడం కష్టమేమీ కాదు.

కోర్టు వాయిదాల రోజులు మరో చిన్న కంత. ఎస్కార్టు పోలీసులు తెల్లవారకముందే వస్తే ఆ రోజు మాత్ర పడదు, వాయిదా అయి తిరిగి వచ్చేసరికి ఫార్మసిస్టు వెళ్లిపోతాడు. వీడియో ద్వారా హాజరు పెరిగాక ఇది కొంత తగ్గింది. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు బదిలీ అయితే సమస్య పెద్దది. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి కట్టడానికి ఖాళీ చేసి ఖైదీలను ఇతర జైళ్లకు పంపినట్టు, కొన్నిసార్లు వందల మంది ఒక్కసారిగా చోటు మారతారు. వారంటు, చార్జిషీటు నకలు మనిషి వెంట తప్పకుండా వెళతాయి, మందుల కార్డు వెళ్లాలని మాత్రం ఏ రిజిస్టరూ అడగదు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో పేరు బదిలీ చేస్తే సరిపోతుందని చెబుతారు, అది నిజమే, ఎవరైనా చేస్తే.

అన్నిటికంటే బలహీనమైన మెట్టు విడుదల. 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్నవారిలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. అంటే ఆరు నెలల మందు మొదలైన వారిలో ఎక్కువ మంది ఆ ఆరు నెలలూ లోపల ఉండరు, ఏ రోజు బయటికి వెళతారో ఎవరికీ తెలియదు. బెయిలు ఆర్డరు ప్రతిని అదే రోజు లేదా మరుసటి రోజు ఈమెయిలు ద్వారా జైలుకు పంపాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. స్వేచ్ఛ దృష్ట్యా అది గొప్ప మేలు. టీబీ దృష్ట్యా మాత్రం దానివల్ల మందు చేతికిచ్చే వ్యవధి తగ్గింది. రాత్రి ఏడు గంటలకు గేటు దాటేవాడికి ఆసుపత్రి బీరువా తాళం తీసి మాత్రల స్ట్రిప్పులు ఇచ్చేవారు ఉండరు. నా కక్షిదారు ఒకతను ఇలాగే వెళ్లాడు. అతనికి ఫోను లేదు గనుక చికిత్స కార్డులో నా నంబరు రాశారట. తరువాత టీబీ విభాగం సూపర్‌వైజరు నాకు ఫోను చేసి, మీ పేషెంటు ఎక్కడ ఉన్నాడండీ అని అడిగారు. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న చిరునామా ఇటుక బట్టీది, బట్టీ సీజను అయిపోయింది. ఆ సూపర్‌వైజరు పట్టుదల గల మనిషి, షూరిటీ ఇచ్చిన మేస్త్రీ ద్వారా ఆచూకీ పట్టుకున్నారు, అప్పటికే కొన్ని వారాల మందు పోయింది. దీనికి పరిష్కారం చాలా సులువైనది. లోపలికి వచ్చినప్పుడు జమ చేసిన చెప్పులు, పర్సు, బెల్టు గేటు దగ్గరి గదిలో మూటకట్టి ఉంచి, విడుదల వేళ ఎంత రాత్రయినా సంతకం పెట్టించుకుని తిరిగి ఇస్తారు. ఆ మూటలోనే నెల రోజుల మాత్రలు, కార్డు నకలు, ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రం పేరు రాసిన చీటీ పెట్టి, గడువు దాటకుండా నెలకొకసారి మారుస్తుంటే, తాళం చెవి ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్నే రాదు. ఈ మెట్టుకు ఒక్క మార్కు వేస్తున్నాను, అది కూడా ఆ సూపర్‌వైజరు పేరు మీద.

ముందుజాగ్రత్త చికిత్స గురించి క్లుప్తంగా చెబుతాను. జబ్బు లేదని ఎక్స్‌రేతో తేల్చుకున్న తరువాత, రోగి పక్కన పడుకున్నవారికి జబ్బు రాకుండా ఇచ్చే ఐసోనియాజిడ్ అనే మందు కోర్సు ఆరు నెలలది. వారానికి ఒక్కసారి చొప్పున పన్నెండు మోతాదులతో ముగిసే కోర్సు కూడా ఉంది. రిమాండ్ బ్యారక్‌కు ఆ రెండోదే పనికొస్తుంది.

న్యాయవాదిగా నా వైపు పనిని కూడా ఈ సేవలో భాగంగానే చూస్తున్నాను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరాలు కాకుండా మిగతా వాటిలో, మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు, మిగతావారు సగం గడిపితే అర్హులు. ఆ సంగతిని కోర్టు దృష్టికి తేవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటు మీదే పెట్టారు. 480వ సెక్షను జబ్బుపడిన వ్యక్తికి బెయిలు ఇచ్చే వెసులుబాటు కల్పిస్తోంది. టీబీ కారణంగా ఆ సెక్షను కింద పిటిషను వేస్తే, జైలులోనే చికిత్స అందుబాటులో ఉంది గదా అని పబ్లిక్ ప్రాసిక్యూటరు అభ్యంతరం చెబుతారు. పైన మందులకు నాలుగున్నర మార్కులు వేసిన నేను ఆ మాటను కాదనలేను. నేను చెప్పేది ఇంకొకటి. బ్యారక్‌లో ఒక మనిషి తగ్గితే మిగిలినవారికి ఆ మేరకు గాలి పెరుగుతుంది, కాబట్టి చిన్న కేసుల్లో బెయిలు త్వరగా రావడం ఆ బ్యారక్ అంతటికీ చేసే టీబీ నివారణ. అయితే రోగిని ఊరికే వదిలేయమని కోరడం కూడా తప్పే, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటారు. బెయిలు షరతులలో ఫలానా ఆరోగ్య కేంద్రంలో మందు కొనసాగించాలనే మాట చేర్పిస్తే కోర్టుకూ భరోసా, రోగికీ ఆసరా. దాన్ని తప్పితే బెయిలు రద్దయ్యే షరతుగా మాత్రం పెట్టకూడదు, అలా పెట్టిన రోజున ఎవరూ తమ జబ్బు సంగతి వకీలుకు కూడా చెప్పరు.

వార్డర్లను ఈ సేవ పూర్తిగా మరిచిపోయింది. అదే గాలిని ఎనిమిది గంటలు పీల్చి, జైలు వెనుక క్వార్టర్సులో పిల్లల దగ్గరికి వెళ్లే ఈ ఉద్యోగులకు ఏటా ఎక్స్‌రే తీయించే ఏర్పాటు నేను చూసిన చోట లేదు. అది మొదలైతే కిటికీల రేకులు, చెట్టు కింద కళ్లె పరీక్ష వంటివి వాటంతట అవే కదులుతాయని నా అనుమానం.

లోపల ఉన్న మనిషికి టీబీ మందు నడుస్తోందని తెలిసిన కుటుంబసభ్యులు, వకీళ్లు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు అతని నిక్షయ్ ఐడీ నంబరు అడిగి రాసుకోండి, ఏ తేదీన మందు మొదలైందో, రోజుకు ఎన్ని మాత్రలో తెలుసుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా నకళ్లు జైలు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. బెయిలు పిటిషను వేసిన రోజే, విడుదల వేళ మందు చేతికి ఇవ్వాలని జైలు వైద్యాధికారికి ఒక కాగితం ఇవ్వండి. అప్పటికీ మందు లేకుండా బయటికి వస్తే నిక్షయ్ సంపర్క్ ఉచిత నంబరు 1800 11 6666కు ఫోను చేసి ఆ ఐడీ చెబితే దగ్గరి కేంద్రం ఎక్కడో చెబుతారు, మర్నాడు ఉదయమే అక్కడికి తీసుకువెళ్లండి.